ధారణ, బట్టీ: పరీక్షల చరిత్రలో మన జ్ఞాపకశక్తి

సాంఘిక సంక్షేమ హాస్టల్ నుంచి యూనివర్సిటీ దాకా నడిచొచ్చిన మన విద్యార్థుల్లో ‘బట్టీ సరుకు’ అనే మాట పడనివాళ్లు అరుదు. మార్కులు తక్కువ వస్తే రిజర్వేషన్ సరుకు అంటారు. మార్కులు బాగా వస్తే బట్టీ సరుకు అంటారు. అంటే మార్కులు వచ్చినా రాకపోయినా మన తలలో తెలివి ఉందని ఒప్పుకునే పని మాత్రం వాళ్లకు పడదు. ఈ మాటను మనవాళ్లలో చాలామంది నిజమేనని నమ్మేశారు. ‘మాకు సబ్జెక్టు రాదన్నా, ఏదో బట్టీ పట్టి పాసైనం’ అని ఎం.ఏ. పూర్తిచేసిన వాళ్లే చెప్పుకుంటుంటే వింటుంటాం.

వ్యాసరూప పరీక్షల కోసం కంఠతా పట్టి చదవడం ఏదో ఒక విద్యార్థి అలవాటు కాదు. దానికి చరిత్ర ఉంది. ఆ చరిత్రలో కులం ఉంది, భాష ఉంది, రాజ్యం ఉంది. కంఠతా పట్టడం ఎవరు చేస్తే విద్య అయింది? ఎవరు చేస్తే నేరమైంది? ఎవరు చేస్తే లోపమైంది? ఈ మూడు ప్రశ్నలు వేసుకోకుండా బట్టీ చదువు మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

ధారణకు శిక్ష

ఈ దేశంలో బట్టీకి పునాది వేసింది హాస్టల్ పిల్లలు కాదు. వేదాన్ని రాతలో పెట్టకుండా తరతరాలు నోటితోనే నిలబెట్టారు. పదపాఠం, క్రమపాఠం, జటాపాఠం, ఘనపాఠం అని మాటల్ని ముందుకూ వెనక్కూ తిప్పి వల్లె వేయించే పద్ధతులు కనిపెట్టారు. అర్థం తెలియకపోయినా స్వరం తప్పకూడదన్నది అక్కడి మొదటి నియమం. ఘనపాఠిని ఇవాళ్టికీ శాలువా కప్పి గౌరవిస్తారు. అవధాన విద్యలో నలుగురు నాలుగు వైపుల నుంచి ఆటంకపరుస్తున్నా, చెప్పిన పద్యాల్ని చివరికి ఒప్పజెప్పడాన్ని ‘ధారణ’ అంటారు. తిరుపతి వేంకట కవుల కాలం నుంచి ఆ ధారణాశక్తిని తెలుగువాళ్ల గొప్పగా చెప్పుకుంటున్నాం. మంచిదే. మనిషి జ్ఞాపకశక్తి గొప్పదే.

అయితే ఇదే ‘ధారణ’ అనే మాట గౌతమ ధర్మసూత్రంలో ఇంకో చోట కనిపిస్తుంది. శూద్రుడు వేదం వింటే చెవుల్లో తగరమో లక్కో కరిగించి పోయాలి, పలికితే నాలుక కోయాలి, ధారణ చేస్తే శరీరాన్ని చీల్చాలి అంటుంది ఆ సూత్రం. ఇందులో శిక్షల వరస చూడండి. వినడం కన్నా పలకడం పెద్ద నేరం. పలకడం కన్నా గుర్తుపెట్టుకోవడం ఇంకా పెద్ద నేరం. ఎందుకంటే విన్నది మరిచిపోవచ్చు, పలికినది గాలిలో కలిసిపోవచ్చు. తలలో నిలిచిపోయినదాన్ని తీసేయాలంటే మనిషినే చంపాలి. జ్ఞాపకం అంటే ఆస్తి అని ఆ సూత్రకారుడికి బాగా తెలుసు. శంకరుడు బ్రహ్మసూత్ర భాష్యంలో శూద్రుడికి అధికారం లేదని చెబుతూ ఇలాంటి వాక్యాల్నే ఆధారంగా చూపించాడు. ఇది శూద్రుడి సంగతి. ఊరి బయట ఉన్న మాల మాదిగలు ఆ వాక్యం వినపడే దూరంలో కూడా లేరు.

అట్లాగని వాడలో జ్ఞాపకం లేదా? డక్కలివాళ్లు జాంబపురాణాన్ని పటం పట్టుకొని రోజుల తరబడి చెబుతారు. చిందువాళ్లు భాగవతాల్ని రాత్రంతా ఆడతారు. బైండ్లవాళ్లు, ఆసాదులు ఎల్లమ్మ కథను మొదటినుంచి చివరిదాకా పాడతారు. ఇందులో చాలాభాగం చేతిలో కాగితం లేకుండానే జరుగుతుంది. నాట్లేసేటప్పుడు మన తల్లులు పాడే పాటలన్నీ రాస్తే ఎన్ని పుస్తకాలవుతాయో లెక్కలేదు. వీళ్లెవరినీ ఎవరూ ఘనపాఠి అనలేదు. వాళ్ల విద్యకు ధారణ అని పేరు పెట్టలేదు. ఆట, పాట, అడుక్కునే కులాల కళ అన్నారు. చేసే పని ఒకటే, చేసే మనిషి కులాన్ని బట్టి పేరు మారింది.

వీధిబడి నుంచి తెల్లదొరల పరీక్ష దాకా

ఇంగ్లీషు చదువే బట్టీ తెచ్చిందనీ, అంతకుముందు మన వీధిబడుల్లో అర్థవంతమైన చదువు ఉండేదనీ కొందరు రాస్తుంటారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల లెక్కలు తీయమన్నప్పుడు, బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో ఒక నివేదిక పంపాడు. అప్పటికే తెలుగు వ్యాకరణం రాసినవాడు అతను. భాష తెలియక రాసిన నివేదిక కాదది. తన జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు ఉన్నారని లెక్క చెప్పాడు. పిల్లలు చదివే పద్యాల భాష వాళ్లు మాట్లాడే భాష కాదనీ, అర్థం తెలియకుండానే వాటిని కంఠస్థం చేస్తున్నారనీ అందులో రాశాడు. అంటే దొరల పరీక్షలు రాకముందే బట్టీ ఉంది. ఆ బడి అరుగు మీద మనవాళ్లు కూర్చోలేదు, అంతే తేడా.

మనవాళ్లకు అక్షరం ఎక్కువగా మిషన్ బడుల ద్వారా వచ్చింది. అక్కడ కూడా చదువు కంఠతాతోనే మొదలైంది. కాటికిజం పుస్తకంలో ప్రశ్న, దాని కింద జవాబు. పంతులు ప్రశ్న అడగాలి, పిల్లలంతా ఒక్క గొంతుతో జవాబు చెప్పాలి. బైబిలు వాక్యాలు, కీర్తనలు ముందు నోటికి రావాలి, తర్వాత కంటికి. చదువురాని పెద్దవాళ్లు సైతం వాక్యాలు ఒప్పజెప్పేవాళ్లు. దీన్ని మతమార్పిడి అని కొట్టిపారేసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. గుర్తుపెట్టుకుంటే శరీరం చీల్చాలన్న దేశంలో, గుర్తుపెట్టుకో అని మాల మాదిగ పిల్లలకు చెప్పిన బడి అది. వాళ్ల జ్ఞాపకానికి అక్కడ శిక్ష లేదు, మెప్పు ఉంది. ఇది చిన్న మార్పు కాదు.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు పుట్టాయి. వీటికి నమూనా లండన్ యూనివర్సిటీ. మొదట్లో ఇవి పాఠాలు చెప్పే సంస్థలు కావు. కాలేజీలు పాఠం చెబితే యూనివర్సిటీ పరీక్ష పెట్టి డిగ్రీ ఇచ్చేది. అంటే మన యూనివర్సిటీ పుట్టుకతోనే పరీక్షల ఆఫీసు. ఆ డిగ్రీ చేతికొస్తే గుమాస్తా, తాసీల్దారు, వకీలు ఉద్యోగాలు దొరికేవి. పరీక్షే గమ్యమైనప్పుడు చదువు దానికి సరిపడా తయారవుతుంది గదా. మిల్టన్‌కీ, షేక్‌స్పియర్‌కీ నోట్సులు, కీలు బజారులోకి వచ్చాయి. 1902 నాటి యూనివర్సిటీల కమిషన్, బోధన పరీక్షకు బానిస అయిపోయిందని చెప్పింది. ఆ కమిషన్ తర్వాత కర్జన్ 1904లో యూనివర్సిటీల చట్టం తెచ్చాడు. బట్టీ మాత్రం పోలేదు. 1948-49లో రాధాకృష్ణన్ కమిషన్, ఉన్నత విద్యలో ఒకే ఒక్క సంస్కరణ చేయాల్సి వస్తే అది పరీక్షల సంస్కరణే కావాలని చెప్పింది.

ఈ తొంభై ఏళ్లలో నోట్సులు బట్టీ పట్టింది ఎవరు? మనం కాదు. కాలేజీ గడప తొక్కినవాళ్లలో మనవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. అగ్రవర్ణాల కుర్రాళ్లే అర్థంకాని ఇంగ్లీషును పేజీలకు పేజీలు వల్లె వేశారు. తెల్లదొర వాళ్లను చూసి బాబులని ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళికి వాళ్లు నొచ్చుకున్నారు. తర్వాత వాళ్లే లెక్చరర్లై, ప్రొఫెసర్లై కుర్చీలో కూర్చున్నాక అదే మాటను మన మీదికి దించారు.

నెంబరుకు కులం లేదు

అంబేద్కర్ చదువును పరీక్షల వైపు నుంచి చూస్తే ఒక సంగతి కనబడుతుంది. బడిలో ఆయన విడిగా గోనెపట్టా మీద కూర్చున్నాడు. సంస్కృతం చదవాలనుకుంటే చదవనివ్వలేదు, పార్శీ తీసుకోవలసి వచ్చింది. మళ్లీ అదే కథ, సంస్కృతాన్ని ధారణ చేసే హక్కు లేదు. బొంబాయి పరేల్‌లో ఒకే గదిలో ఇంటిల్లిపాదీ ఉండేవాళ్లు. పరీక్షలప్పుడు తండ్రి రామ్‌జీ రాత్రి రెండింటికి లేపి చదివించేవాడు. 1907లో మెట్రిక్, 1912లో బి.ఏ. పాసయ్యాడు. తరగతి గదిలో ఆయన్ని దూరం పెట్టారు, నీళ్లు ఇవ్వలేదు. యూనివర్సిటీ పరీక్షలో మాత్రం ఆయన రాసిన జవాబు పత్రాన్ని ఎవరో ఒకరు ముట్టుకొని దిద్దక తప్పలేదు.

రాతపరీక్షలో మనకు పనికొచ్చిన గుణం ఇదే. దిద్దేవాడికి కనిపించేది నెంబరు. ఆ నెంబరుకు ఊరు లేదు, వాడ లేదు, తండ్రి పేరు లేదు. తరగతిలో మన వైపు చూసి పాఠం చెప్పని పంతులు కూడా, ఎక్కడో కూర్చొని, మనదని తెలియకుండా మన పేపరుకు మార్కులు వేయాల్సి వస్తుంది. పరీక్షను పెట్టిన ఇంగ్లీషువాళ్లు ఇదంతా మనకోసం ఆలోచించి చేశారని కాదు. వాళ్లకు కావాల్సింది గుమాస్తాలు. కానీ ఆ యంత్రంలో అనుకోకుండా ఒక సందు దొరికింది. మనవాళ్లు ఆ సందులోంచి దూరి వచ్చారు.

ముఖం చూసి మార్కులు వేసే చోట ఏం జరుగుతుందో చెప్పడానికి ఆధారాలున్నాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితిని పరిశీలించిన థొరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. పాఠం చెప్పడంలో, అంతర్గత మార్కుల్లో, వైవాల్లో వివక్ష ఉందని విద్యార్థులు చెప్పిన సంగతుల్ని అందులో నమోదు చేసింది. జె.ఎన్.యు.లో 2016లో అబ్దుల్ నఫే కమిటీ ప్రవేశ పరీక్షల మార్కుల్ని పరిశీలించింది. రాతలో వచ్చిన మార్కులకూ ఇంటర్వ్యూలో వేసిన మార్కులకూ మధ్య వర్గాలవారీగా తేడా ఉందని తేల్చి, వైవా మార్కుల్ని 30 నుంచి 15కు తగ్గించాలంది. అదే ఏడాది యు.జి.సి. తెచ్చిన పిహెచ్.డి. నిబంధనలు దానికి పూర్తిగా తలకిందులుగా నడిచాయి. రాతపరీక్షను అర్హతకు పరిమితం చేసి, ఆ తర్వాతి తీర్పును ఇంటర్వ్యూకు వదిలాయి. విద్యార్థులు కొట్లాడితే 2018లో రాతకు 70, ఇంటర్వ్యూకు 30 అని సవరించాల్సి వచ్చింది.

నా మాటల్లో రాస్తే తప్పు

బట్టీ ఎక్కడ పుడుతుంది? పుస్తకం భాషకూ విద్యార్థి భాషకూ మధ్య ఉన్న దూరంలో పుడుతుంది. ఆ దూరం ఎంత ఎక్కువైతే బట్టీ అంత ఎక్కువవుతుంది.

హైదరాబాద్ రాజ్యంలో 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. పుస్తకాల కోసం అనువాద శాఖ పెట్టారు. దేశభాషలో ఉన్నత విద్య ఇవ్వడం గొప్ప ప్రయత్నమే. కానీ తెలుగు పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి ఉర్దూ కూడా పరాయి భాషే. 1910 నుంచి భాగ్యరెడ్డివర్మ హైదరాబాద్‌లో అంటరానివాళ్లని పిలవబడిన కులాల పిల్లల కోసం తెలుగు బడులు నడపడం వెనక ఈ తెలివి ఉంది. పోలీసు చర్య తర్వాత ఉస్మానియా ఇంగ్లీషులోకి మారింది. ఉర్దూ బట్టీ పోయి ఇంగ్లీషు బట్టీ వచ్చింది.

1968లో తెలుగు అకాడమీ పుట్టింది. ఇంటర్, డిగ్రీ పాఠాలు తెలుగులోకి వచ్చాయి. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది, 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఆదివారం క్లాసులకు వచ్చే కూలీలు, అటెండర్లు, అంగన్‌వాడీ అక్కలు తెలుగు పుస్తకంతో డిగ్రీ చదివారు. ఈ పుస్తకాలు లేకపోతే మన తరం యూనివర్సిటీ మొహం చూసేది కాదు. ఆ రుణం ఒప్పుకొని తీరాలి.

కానీ ఆ తెలుగు ఎవరి తెలుగు? ఎకనామిక్స్‌లో ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ అని ఒక పాఠం ఉంది. విషయం చాలా తేలిక. ఆకలైనోడికి మొదటి రొట్టె అమృతం, రెండోది బాగుంటుంది, నాలుగోది వద్దంటాడు. వాడలో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఈ సంగతిని వాడి మాటల్లో రాస్తే మార్కులు రావు. ‘క్షీణోపాంత’ అనే మాట తప్పు లేకుండా రాయాలి. ఆ మాట ఇంట్లో లేదు, వాడలో లేదు, బస్సులో లేదు. అది రావాలంటే బట్టీ పట్టడం ఒక్కటే దారి. నా మాటల్లో రాస్తే భాష రాదంటారు. వాళ్ల మాటల్లో రాస్తే బట్టీ అంటారు.

2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు మాధ్యమమే ఉండాలని నిర్ణయించారు. ఇంగ్లీషు మనకు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ చెప్పే పంతులు, మాట్లాడే వాతావరణం, చదివే పుస్తకం లేకుండా మాధ్యమం బోర్డు మాత్రం మారిస్తే క్షీణోపాంత పోయి దాని ఇంగ్లీషు పేరు వస్తుంది. బట్టీ అట్లాగే ఉంటుంది.

హాస్టల్ గది: ఒక విద్యాశాల

1944-45లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. ఆ తర్వాత వచ్చిన హాస్టళ్లలో మనవాళ్లు పరీక్షలకు చదివిన తీరును ఎవరూ సరిగా నమోదు చేయలేదు. నేనూ ఆ గదుల్లోనే చదివాను కనుక, అక్కడి పద్ధతిని కొంచెం వివరంగా రాయడం అవసరమనుకుంటున్నాను.

మొదటి పని పాత పేపర్లు సంపాదించడం. ఐదేళ్ల పేపర్లు ముందేసుకొని ఏ ప్రశ్న ఏ ఏడు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టేవాళ్లు. పది ప్రశ్నలిచ్చి ఐదు రాయమంటే, ఎన్ని చదివితే ఐదు దక్కుతాయో తేల్చేవాళ్లు. సిలబస్ ఎట్లా తయారైంది, పేపరు పెట్టేవాడి ఆలోచన ఎట్లా నడుస్తుంది అన్నది ఇందులో అర్థమయ్యేది. ఇది గుడ్డి బట్టీ కాదు, ఒక పరిశోధన.

రెండోది జవాబును ముక్కలు చేయడం. ఫ్రెంచి విప్లవానికి కారణాలు అంటే రాజకీయ, సామాజిక, ఆర్థిక, మేధో కారణాలు. వీటి మొదటి అక్షరాలు తీసి ‘రా-సా-ఆ-మే’ అని పాటలాగా అనుకునేవాళ్లు. ఒక్కో అక్షరం కింద మూడు పాయింట్లు. ‘తమ్మీ, పాయింటు గుర్తుంటే చాలు, మాట అదే వస్తది. ముందుమాట మంచిగ రాయి, హెడ్డింగుల కింద గీత కొట్టు, ఆఖర్ల ముగింపు మర్వకు’ అని సీనియర్ అన్నలు చెప్పేవాళ్లు. వ్యాసానికి ఆరంభం, నడక, ముగింపు ఉంటాయని మాకు నేర్పింది వాళ్లే. తరగతిలో ఆ మాట చెప్పినవాళ్లు లేరు.

మూడోది వినడం. నలుగురికి ఒక్క పుస్తకం. ఒకరు గట్టిగా చదివితే ముగ్గురు వినేవాళ్లు. తర్వాత పుస్తకం మూసి ఒక్కొక్కరు ఒప్పజెప్పాలి. తప్పితే పక్కవాడు అందించాలి. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వంతపాడే కథాగానం పద్ధతే ఇది. మన తాతలు జాంబపురాణం విన్నట్టే మేము పంచవర్ష ప్రణాళికలు విన్నాం. పుస్తకాల కరువు వల్ల పుట్టిన ఈ అలవాటులో వాడ జ్ఞాపకమే పనిచేసింది.

ఆడపిల్లల సంగతి వేరు. మగపిల్లలు చెరువుకట్ట మీద తిరుగుతూ, వీధి దీపం కింద కూర్చుంటూ గట్టిగా చదువుకోగలిగారు. ఆడపిల్లకు ఆ కట్టా లేదు, ఆ దీపమూ లేదు. ఇంట్లో ఉండి ప్రైవేటుగా డిగ్రీ కట్టిన అక్కచెల్లెళ్లు అంట్లు తోముతూ, నాట్లేస్తూ పాయింట్లు లోపల్లోపల వల్లె వేసుకున్నారు. పక్కన అందించేవాళ్లు లేకుండా ఒంటరిగా చేసిన ధారణ అది. మన చదువుల చరిత్ర రాసేటప్పుడు దీన్ని మగవాళ్ల హాస్టల్ కథలో కలిపేయకూడదు.

పోగొట్టుకున్నది

ఇంత చెప్పాక, బట్టీని నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. దానివల్ల మనం పోగొట్టుకున్నది కూడా తక్కువ కాదు.

మొదటిది, మనం ధారణ చేసిన చరిత్రలో మనం లేము. సంఘసంస్కరణోద్యమం అనే ప్రశ్నకు రామ్మోహన్‌రాయ్‌తో మొదలుపెట్టి వీరేశలింగం దాకా పాయింట్లు చదివాం. 1848లో పూణేలో బడి పెట్టిన ఫూలే దంపతులు, 1917లో బెజవాడ సభలో ఆది ఆంధ్రులమని చెప్పిన మనవాళ్లు ఆ జవాబులో చాలాకాలం లేరు. పరీక్షలో రాని ప్రశ్నను బట్టీ పట్టే తీరిక హాస్టల్ పిల్లవాడికి ఉండదు. కనుక ఆ చరిత్ర మన తలలోకి రాలేదు. ఇతరుల తాతల పేర్లు మనకు నిద్రలో లేపినా వస్తాయి, మన తాతల పేర్లు రావు.

రెండోది, పాయింట్ల చదువు డిగ్రీ దాకా పనిచేస్తుంది. పరిశోధనలో అడుగుపెట్టాక ‘నీ వాదన ఏమిటి?’ అని అడుగుతారు. అక్కడ మనవాళ్లు తడబడుతున్నారు. ఆలోచన లేక కాదు. ఆలోచనను తన మాటల్లో పెట్టే అవకాశం పదిహేనేళ్ల చదువులో ఒక్కసారీ ఇవ్వలేదు. 1990లో మండల్ వ్యతిరేక ఆందోళనల్లో ‘ప్రతిభ’ అని కేకలు వేసినవాళ్లు చూపించింది మార్కుల మెమోలే. అవే మార్కులు మనకొస్తే ప్రతిభ అని ఎవరూ అనలేదు.

ఇప్పుడు 2020 జాతీయ విద్యావిధానం కంఠస్థం చదువు పోవాలంటోంది. దాని బదులు ఏడాది పొడవునా అంచనా వేస్తామంటోంది. వినడానికి బాగుంది. కానీ ఆ అంచనా వేసేది ఎవరు? ముఖం, పేరు, ఊరు, మాట తీరు తెలిసిన వాళ్లే గదా. నెంబరు వెనక దొరికిన చిన్న రక్షణను తీసేసి, దాని స్థానంలో పంతులు దయను పెడితే అది సంస్కరణ అవుతుందా? నెట్ పరీక్షలో 2012లో మూడో పేపరు కూడా టిక్కులు పెట్టేదిగా మారింది. రాసి వాదించే చోటు ఒకవైపు తగ్గుతోంది, ముఖం చూసి మార్కులు వేసే చోటు ఇంకోవైపు పెరుగుతోంది. రెండు వైపులా నష్టం మనకే.

కనుక బట్టీ పోవాలా వద్దా అన్నది మన ప్రశ్న కాకూడదు. బట్టీ పోవాలంటే ఏమేం రావాలో మనం అడగాలి. తన మాటల్లో రాసిన జవాబుకు పూర్తి మార్కులివ్వాలి. వాడుక తెలుగులో పాఠ్యపుస్తకాలు రావాలి. నలుగురికి ఒకటి కాకుండా ప్రతి విద్యార్థికీ పుస్తకం అందాలి. మన చరిత్ర సిలబస్‌లో, దాంతోపాటు ప్రశ్నపత్రంలో ఉండాలి. జవాబు ఎట్లా కట్టాలో తరగతిలోనే నేర్పాలి. అంతర్గత మార్కులకు, వైవాలకు హద్దు పెట్టాలి, వాటి లెక్కలు కులాలవారీగా బయటపెట్టాలి. ఇవన్నీ వచ్చేదాకా పేపరు మీద నెంబరు ఉండాల్సిందే.

టీచర్లుగా ఉన్న మనవాళ్లకు ఒక్క మాట. హాస్టల్ నుంచి వచ్చిన పిల్లవాడు గడగడా ఒప్పజెబుతుంటే నవ్వకండి. తలలో నిలుపుకున్నందుకు శరీరం చీల్చమన్న దేశంలో వాడు నిలుపుకుంటున్నాడు. వాణ్ని అక్కడే వదిలేయకుండా, ‘ఇప్పుడు పుస్తకం మూసి, నువ్వేమనుకుంటున్నావో చెప్పు తమ్ముడూ’ అని అడగండి. ఆ ప్రశ్న అడిగేవాళ్లు మనలోంచే రావాలి.